అప్పాయమ్మ కోళ్ళూ పంతులుగారి ముక్కూ

కాకినాడ కాలువ మీద, రాజమండ్రి వైపు నుంచి పడవలో వస్తే రెండో పూటకి తగిలే లాకు దగ్గర సర్కారువారు ఒక బంగళా కట్టారు. బంగళా పక్కనే గట్టు. సర్కారు అనుమతి లేనిదే ఆ గట్టు మీద ఏమీ ఉండకూడదని ఒక చెక్క మీద ఇంగ్లీషులో రాసి పాతారు. గడ్డికి ఇంగ్లీషు రాదు కాబట్టి మొలిచేది. అప్పాయమ్మకీ రాదు. ఆవిడ గుడిసె వేసుకుంది.

అయితే ఆ గుడిసె నిలబడింది ఆవిడకి ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు, ఆవిడ కోళ్ళకి గుడ్లు పెట్టడం వచ్చినందువల్ల. కాలువ తనిఖీకి నెలకోసారి వచ్చే ఇంజనీరు దొర బంగళాలో మూడు రోజులు దిగేవాడు. ఆ మూడు పొద్దులూ ఆయనకి గుడ్లు కావాలి. తూర్పు డెల్టా మొత్తానికి నీళ్ళు పంచగల దొరకి పొద్దున్నే రెండు గుడ్లు పడకపోతే లాకు తలుపు ఏ వైపు తెరవాలో తోచేది కాదని బట్లరు యెహెజ్కేలు చెప్పేవాడు. అందుకే వెనకటి ఓవర్సీయరు ఒకాయన, "గుడ్లు ఇచ్చు మనిషి బంగళాకు చేరువలో నుండుట యవసరము" అని ఒక కాగితం మీద రాసి వెళ్ళాడు. ఆ ఒక్క వాక్యం మీద అప్పాయమ్మ ఇల్లు కట్టుకుంది. తాటాకులు తర్వాత వేసింది.

గట్టు కింద పల్లంలో చేపలు పట్టేవాళ్ళ పాలెం ఉంది. ఆవిడ పుట్టినదీ, మెట్టినదీ, భర్త పోయినదీ ఆ పాలెంలోనే. శ్రావణంలో గోదావరి పొంగితే పాలెం నడుముల దాకా మునిగేది. జనం మంచాలను దూలాలకి కట్టుకుని, వాటి మీదే పొయ్యి పెట్టుకునేవారు. అలా నాలుగు రోజులు తడిబట్టల్లో ఉండి, జ్వరం తగిలి, ఆవిడ భర్త ఒక వరదలో పోయాడు. అప్పటినుంచి అప్పాయమ్మ లోకంలో నేల రెండే రకాలు. నీళ్ళెక్కే నేల, ఎక్కని నేల. రెండో రకం ఆవిడకి తెలిసి గట్టు ఒక్కటే.

ఇది 1893 నాటి ఆషాఢం. అప్పటికి ఆవిడ దగ్గర ఇరవై మూడు ప్రాణులు ఉండేవి. గుడ్లు పెట్టేవి ఆరు. ఇంకా గుడ్డంటే ఎరగని పడుచు పెట్టలు నాలుగు. తొమ్మిది పిల్లలు, వాటిని వెనకేసుకు తిరిగే తల్లి. ఒక పుంజు. గుడ్లు మానేసి ఏళ్ళయినా అమ్మడానికి మనసొప్పని ముసలి పెట్టలు రెండు. అంటే పనిచేసేవి ఆరు, తినేవి ఇరవై మూడు. కాలువ కచేరీలో పనిచేసేవాళ్ళకీ జీతం తీసుకునేవాళ్ళకీ మధ్య తేడా కూడా ఇంచుమించు ఇంతే ఉండేదట.

ఇన్ని నోళ్ళకి మేత ఎలా అని ఆవిడ ఎన్నడూ బెంగపడలేదు. పెద్ద ఆడపడుచు పాపాయమ్మ ఉప్పాడ నుంచి పడవల మీద వచ్చే ఎండుచేపలు గంపకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మేది. సాయంత్రం తిరిగొచ్చాక గంప అడుగున మిగిలిన తలలు, తోకలు, ముళ్ళు, పొట్టు గట్టు మీద బోర్లించి పోయేది. కోళ్ళు ఎగబడి తినేవి. ఈకలు నిగనిగలాడేవి, గుడ్లు నిండుగా వచ్చేవి, దమ్మిడీ ఖర్చుండేది కాదు. ఇంతకన్నా మంచి ఏర్పాటు దొర కూడా చెయ్యలేడు. చెడగొట్టడం మాత్రం ఆయన వల్లే అయింది.

ఒక పొద్దున యెహెజ్కేలు తలపాగా సర్దుకుంటూ గుడిసె ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"అప్పాయమ్మా, దొరగారు గుడ్డు పక్కకి తోసేశారు."

"కుళ్ళిందా ఏంటండి?"

"కుళ్ళలేదు. చేప కంపు కొడుతోందన్నారు."

"గుడ్డా అండి?"

"గుడ్డే. 'ఇది కోడి పెట్టిందా, చేప పెట్టిందా?' అని నన్ను అడిగారు."

"మీరేమన్నారండి?"

"కోడే పెట్టిందన్నాను. నేను చూశానా పెట్టానా, నీ మాట మీద చెప్పాను." బట్లరు గొంతు తగ్గించాడు. "ఈసారి వరద ముందు తనిఖీకని ఇరవై రోజుల్లోనే మళ్ళీ వస్తారు. అప్పుడూ ఇలాగే ఉంటే గుడ్లు పందెం కోళ్ళ భీమరాజుగారి మకాం నుంచి తెప్పించమన్నారు."

"తెప్పించుకోండి. ఒక్క నెలే కదండి."

"ఒక్క నెల కాదు. అక్కణ్ణుంచి రావడం మొదలెడితే ఇంక నీకు గట్టు మీద పనేముంది? ఆ కాగితం గుడ్లిచ్చే మనిషికి, అప్పాయమ్మకి కాదు."

ఇరవై రోజులంటే శ్రావణం. అప్పాయమ్మ కింద పాలెం వైపు చూసింది. ఆ తర్వాత ఒక గుడ్డు ఉడకబెట్టి, వలిచి, రెండు ముక్కలు చేసి వాసన చూసింది. గుడ్డు వాసనే వచ్చింది. పాపాయమ్మకి ఇచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని చూసి, గుడ్డు వాసనే అంది. అనుమానం తీరక పాలెంలోకి పట్టుకెళ్ళింది. పదిమంది ముక్కులు చూశాయి. పదీ ఒకే మాట మీద నిలబడ్డాయి. గ్రామ మునసబు తీర్పుల్లో కూడా ఇంత ఏకాభిప్రాయం ఎవరూ ఎరగరు.

"ఆయన ముక్కుకేదో జబ్బే," అంది పాపాయమ్మ. "చేప కంపేంటి? చేపకి కంపుంటదా? నలభై ఏళ్ళుగా నెత్తిన మోత్తున్నాను, నాకు తెలీదా?"

తమవాళ్ళకి చేప వాసన అంటే గాలితో సమానమని, గాలికి వాసన ఉందో లేదో గాల్లో పుట్టినవాడు చెప్పలేడని అప్పాయమ్మకి అప్పుడే తట్టింది. కంపు ఉందో లేదో తనకి తెలియదు. తెలిసినవాడు బంగళాలో ఉన్న దొర. కాబట్టి ముందు చేప మానెయ్యాలి.

మానేస్తానన్న కబురు గట్టు దిగేలోపలే సలహాలు గట్టెక్కాయి. బియ్యం, తవుడు అమ్మే సత్తియ్య సెట్టి, అన్ని కోళ్ళకీ నూకే పెట్టాలని చెప్పాడు. ఆయన కొట్లో ఆ వారం నూక ఎక్కువగా ఉంది. భీమరాజుగారు పందెం పుంజుల్ని మేపడంలో ఘనాపాఠీ. నానబెట్టిన సజ్జలు, మేకమాంసం కీమా, మధ్యమధ్య ఉడికించిన గుడ్డు పెట్టమని మనిషిచేత చెప్పి పంపారు. గుడ్డు కోసం కోడిని, కోడి కోసం గుడ్డుని మేపితే మనిషికి మిగిలేదేమిటో మాత్రం చెప్పి పంపలేదు. యెహెజ్కేలు, పూర్వం తను పనిచేసిన దొరసాని తన కోళ్ళకి పాలలో రొట్టె నానబెట్టి పెట్టేదని చెప్పాడు. అప్పాయమ్మ పాలలో నానిన రొట్టెను ఎన్నడూ చూడలేదు. ఆ దొరసాని ఇంట కోడిగా పుట్టకపోవడం తన తప్పేనని ఒప్పుకుంది.

చివరికి సత్తియ్య మాటే గెలిచింది. ఆయన దుకాణం దగ్గర కాబట్టి. అప్పాయమ్మ చెవులకున్న తమ్మెట్లు అక్కడ తాకట్టు పెట్టి కుంచెడు నూక తెచ్చి, గట్టు మీద చల్లింది. పుంజు ముందు తిన్నది. ముసలి పెట్టలు తర్వాత తిన్నాయి, జీవితంలో ఇంత గౌరవం మళ్ళీ దొరకదన్నట్టుగా. పిల్లలు కాళ్ళ కింద నలిగి కీచుకీచుమన్నాయి. గుడ్లు పెట్టవలసిన ఆరింటికీ మిగిలింది మట్టి. కుంచం రెండు రోజుల్లో అయిపోయింది.

"మరో కుంచం పట్టుకుపో. అలవాటు పడాలి కదా కోళ్ళు," అన్నాడు సత్తియ్య.

"కోళ్ళు అలవాటు పడ్డాయండి. నేనే పడలేదు," అందావిడ.

తర్వాత మూడు రోజులు అన్నింటికీ తవుడే కలిపి పెట్టింది. అది చవక. రోజుకి నాలుగైదు వచ్చే గుడ్లు రెండుకి దిగాయి. ఆ రెండింటి పెంకు వేలు తగిలితే సొట్ట పడేంత పల్చగా ఉంది. చవక మేతలో చవక ఎక్కడ దాగుంటుందో ఆవిడకి తెలిసింది.

ఆ సాయంత్రం పాపాయమ్మ అలవాటు చొప్పున గంప బోర్లించబోయి ఆగింది. "ఇయ్యన్నీ ఇప్పుడు కాలవలో పొయ్యాలా? మా సేప తినడానికి మీ కోళ్ళకి అంత నామోషీ వచ్చిందా?"

"కోళ్ళకి కాదు వదినా, గుడ్లకి."

అనేసి అప్పాయమ్మ తన మాట తనే మళ్ళీ విన్నట్టు నిలబడిపోయింది. గుడ్లకి. గుడ్లు పెట్టేవి ఆరు. చేప తింటే దొరకి తెలిసేది ఆ ఆరు తింటేనే. మిగతా పదిహేడూ చేప తిన్నా, చేపల పులుసే తాగినా, ఏ దొర పళ్ళెంలోకీ రాదు. ఇన్నాళ్ళూ అన్నింటికీ ఒకటే పెట్టడం తప్పు. ఈ వారమూ అన్నింటికీ ఒకటే మానిపించడం ఇంకో తప్పు.

"పొయ్యి వదినా, గంప. కానీ ఇటు కాదు, అటు."

గుడిసె చూరులో భర్త వాడిన పెద్ద కన్నుల వల ఒకటి చుట్టి ఉంది. అక్కడక్కడ చిరిగింది. ఆవిడ దాన్ని దింపి, కుట్టి, గుడిసె గోడ నుంచి కాలువ ఒడ్డున పాతిన కర్రల దాకా అడ్డంగా కట్టింది. కోళ్ళు ఎగిరి దాటకుండా రెక్కల ఈకలు కొద్దిగా కత్తిరించింది. వలకి లాకు వైపున గుడ్లు పెట్టే ఆరు పెట్టలు. పాలెం వైపున మిగతావన్నీ, పాపాయమ్మ గంపతో సహా. పిల్లలు మాత్రం వల కన్నుల్లోంచి అటూ ఇటూ తిరిగేవి. వాటిని ఏ సర్కారూ ఆపలేదు.

ఆరింటికీ గంజితో కలిపిన తవుడు, పైన గుప్పెడు నూక, కాలువ ఒడ్డున దొరికే తోటకూర, పెంకు గట్టిపడడానికి నత్తగుల్లలు నలగ్గొట్టిన పొడి. మునుపు రెండు రోజుల్లో అయిపోయిన నూక, మరో కుంచం తెస్తే, ఇప్పుడు పదిహేను రోజులకి సరిపోయేట్టు కనిపించింది. సత్తియ్య మొహం చిన్నబోయింది. పిల్లలకి మెత్తటి మేత కావాలి, పెద్దవి లాక్కోకూడదు. అందుకని ఒక గంపను నాలుగు ఇటుకల మీద బోర్లించి, దాని కింద నూక జల్లించగా వచ్చిన పొడి పోసేది. ఆ సందులోంచి పిల్లలే దూరగలవు. పుంజు తల పెట్టి చూసి, తల అందులో ఇరుక్కుపోయి, కాసేపు గంపను భుజాన వేసుకుని తిరిగింది. ఇవి కాక పాత కుండలో పేడా గడ్డీ కూరి గట్టు మీద బోర్లిస్తే మర్నాటికి చెదలు పట్టేవి. అవీ పిల్లలకే. సర్కారు గట్టును తినే చెదపురుగుల్ని అప్పాయమ్మ ఇలా రోజూ నిర్మూలించేది. ఇందుకు ఆవిడకి జీతం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

ఇక మిగిలింది వాసన. అది పోయిందో లేదో చెప్పే ముక్కు కావాలి. పాలెంలో లేదు. యెహెజ్కేలుని అడిగితే, తన ముక్కు దొరగారి వంటింటి పొగకి ఎప్పుడో ఇచ్చేశానన్నాడు.

లాకు గదిలో విస్సన్న పంతులు అనే గుమాస్తా ఉండేవాడు. వచ్చీ పోయే పడవల్ని చిట్టాలో రాయడం ఆయన పని. ఎండుచేపల పడవ మలుపు తిరగకముందే ఆయన కండువా ముక్కు మీదికి ఎక్కేది. పడవ కనబడకుండానే సరుకేమిటో రాసుకోగలడని చెప్పుకునేవారు. నీళ్ళ ఎత్తు తెలియడానికి లాకు గోడ మీద గీతలు చెక్కి ఉన్నాయి. చేప కంపు ఎత్తు తెలియడానికి పంతులుగారి కండువా ఉందని అప్పాయమ్మ నిర్ణయించుకుంది.

రోజూ పొద్దున్నే ఒక గుడ్డు ఉడికించి, ఆయన కిటికీ కింద కూర్చుని వలిచేది. వలుస్తూ ఓరగా పైకి చూసేది. కండువా ముక్కు మీద ఉండేది. రెండో రోజూ ఉంది. అయిదో రోజూ ఉంది. ఆవిడ నూక ఇంకో గుప్పెడు పెంచింది. ఎనిమిదో రోజూ ఉంది. నీళ్ళ కుండ మార్చింది. గూడు కడిగింది. పదో రోజు కండువా ఇంకో మడత పడింది. పద్నాలుగో రోజుకీ దిగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి దొర పడవ వస్తుంది. పైన గోదావరిలో వరద తెచ్చే ఎర్రనీళ్ళు దిగాయని పడవలవాళ్ళు చెప్పుకుంటున్నారు.

అప్పాయమ్మ ఇంక ఓరగా చూడ్డం మానేసి లేచి నిలబడింది.

"పంతులుగారండీ, ఒక్క మాటండి."

"అక్కణ్ణుంచే చెప్పు."

"ఇంకా కొడతానే ఉందా అండి?"

"ఏది?"

"గుడ్డండి. పద్నాలుగు రోజుల్నుంచి తమ కిటికీ కిందే వలుత్తున్నానండి."

"గుడ్డా!" పంతులు కిటికీలోంచి వంగి చూశాడు. "రోజూ నువ్వక్కడ చేసేది అదా? ఏదో మొక్కు అనుకున్నాను."

"మొక్కు కాదండి. మరి తమరు కండువా ఎందుకు పెట్టుకుంటున్నారండి?"

పంతులు ఇబ్బందిగా చిట్టాలోకి చూశాడు. అందులో జవాబు లేదు. "చెబితే ఏమీ అనుకోకు."

"అనుకోనండి."

"గుడ్డు వాసన ఇక్కడిదాకా ఎక్కడొస్తుందే? ముందు నువ్వొస్తావు."

"నేనా అండి?"

"నువ్వు. నీ కోక. ఆ గోడకానించిన మీ వదిన గంప. వీటి వెనకాల గుడ్డు కాదు, ఏనుగొచ్చినా తెలియదు."

అప్పాయమ్మ అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. చెయ్యి వాసనే వచ్చింది. "అయితే రెండు వారాలూ నన్ను నేనే కొలుసుకున్నానన్నమాట," అంది చివరికి. "మట్టం దిగలేదంటే ఎలా దిగుద్దండి మరి."

పంతులు నవ్వబోయి, కండువా అడ్డొచ్చి మానేశాడు.

"తమరే ఒకసారి చూసి చెప్పాలండి," అందావిడ. "గుడ్డు ఆ రాతి మీద పెట్టి, నేను దూరంగా పోతానండి."

"నేనా? గుడ్డు వాసన చూడ్డమా? మా ఇంటా వంటా లేదు!"

"తినమన్నానా అండి? తాకమన్నానా? ఈ కంపు కనిపెట్టింది దొరగారొక్కరేనండి. ఆయన ముక్కుకి తెలిసింది తెలుసుకునే ముక్కు ఈ లాకు మొత్తానికి తమరికే ఉందండి. లేదంటే చెప్పండి, పోతాను."

విస్సన్న పంతులు పదకొండేళ్ళుగా కొలువులో ఉన్నాడు. ఏ విషయంలోనైనా తను ఇంజనీరు దొరతో సమానమని ఎవరైనా అనడం ఇదే మొదటిసారి. ఆయన గొంతు సవరించుకున్నాడు. "గట్టు మీద ఎవరూ ఉండకూడదు," అన్నాడు.

ఒకసారి కొలతను నమ్మి మోసపోయింది గనక అప్పాయమ్మ ఈసారి కొలతనే కొలవదలచుకుంది. పాలెం వైపు పడుచు పెట్టల్లో నల్లది ముందురోజే తొలి గుడ్డు పెట్టింది, గంపెడు చేప తిని మరీ. లోకంలో ఎవరికీ అంత తొందర ఉండనక్కర్లేదు. ఆ గుడ్డూ, లాకు వైపు పెట్టల గుడ్డూ రెండూ ఉడికించి, వలిచి, రాతి మీద జానెడు ఎడంగా పెట్టింది. ఏది ఏదో చెప్పలేదు. పాపాయమ్మని గంపతో సహా లాకు అవతలి తలుపు దాటేదాకా నడిపించుకుపోయింది.

"నన్నెందుకే తోలుకుపోతన్నావు?"

"నువ్వుంటే గుడ్డు వినబడదంట వదినా."

"ఎవరే ఆ మాటన్నది?"

అటు పంతులు మెట్లు దిగాడు. కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు. అప్పాయమ్మ చూస్తూండగా మొట్టమొదటిసారి ఆయన కండువా ముక్కు మీంచి దిగింది. ఒక గుడ్డు మీదికి వంగాడు. చాలాసేపు ఉన్నాడు. రెండో దాని మీదికి వంగాడు. నిప్పు తగిలినట్టు వెనక్కి గెంతాడు.

"కుడిపక్కది కాలవలో పారెయ్!" అని అరిచాడు.

"ఎవరి కుడిపక్కండీ?" అని అప్పాయమ్మ ఇటునుంచి అరిచింది. "బంగళా వైపుదా, పాలెం వైపుదా?"

"పాలెం వైపుదే! రెండోదానికి ఏమీ లేదు. ఏమీ లేదు!"

పాలెం వైపున పెట్టింది నల్లపెట్ట గుడ్డు. పంతులు ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాడు. ఆ మధ్యాహ్నం దాటిన పడవల్లో మూడు చిట్టాలోకి ఎక్కలేదు.

మర్నాడు దొర వచ్చాడు. ఆ మర్నాడు పొద్దున అప్పాయమ్మ బంగళా వెనక గుమ్మం దగ్గర నిలబడింది. యెహెజ్కేలు ఖాళీ పళ్ళెంతో బయటికి వచ్చాడు.

"ఏమన్నారండి?"

"ఏమీ అనలేదు. ఇంకోటి అడిగారు. అప్పటికీ నేను చెప్పానా, పాలలో రొట్టె అని?"

"ఆయ్, చెప్పారండి."

సత్తియ్య సెట్టి తన నూక వల్లే దొరగారి కడుపు చల్లబడిందని కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. డబ్బు తెచ్చిపెట్టని గెలుపు కాబట్టి అప్పాయమ్మ అందరినీ తలో ముక్కా పంచుకోనిచ్చింది. తనకి కావలసింది గట్టు. అది మిగిలింది. నల్లపెట్టని ఎత్తి వలకి లాకు వైపున వదిలింది. పదిహేను రోజులు తవుడు తిన్నాకగాని దాని గుడ్డు బంగళాకి పోకూడదని నిబంధన పెట్టింది. మిగతా మూడు పడుచు పెట్టలూ ఒక్కొక్కటే తొలి గుడ్డు పెట్టి ఆ వలనే దాటాయి. సర్కారు కొలువులో కూడా ఇంత న్యాయంగా ఎవరినీ పైకెక్కించరు.

శ్రావణం రెండో వారంలో వరద వచ్చింది. పాలెం నడుముల దాకా మునిగింది. పాపాయమ్మ గంప నెత్తిన పెట్టుకుని, తడిసిన కోకతో గట్టెక్కి నేరుగా గుడిసె గుమ్మం వైపు నడిచింది. గుమ్మం లాకు వైపున ఉంది.

"ఆగు వదినా. అటు కాదు, చుట్టు తిరిగి వెనక చూరు కిందకి రా."

"అటు పుంజూ, ముసలి పెట్టలూ ఉన్నాయి కదే!"

"గంప అటే ఉండాలి. గంప వదల్నంటావు, మరి నువ్వూ అటే."

పాపాయమ్మ వలకి అవతల చూరు కింద కూర్చుని కోక కొంగు పిండుకుంది. అప్పాయమ్మ వల పైనుంచి వేడి గంజి అందించింది. కింద పాలెంలో నీళ్ళు మెల్లగా తాటిదూలాల ఎత్తు చూసుకుంటున్నాయి. పాపాయమ్మ సగం గంజి తాగి, సగం ముసలి పెట్టకి పోసి, అవతల తవుడు తింటున్న నల్లపెట్ట వంక చూసింది.

"నిన్నగాక మొన్నటి కుంక, దాన్ని దాటించావు. నన్నెప్పుడు దాటిత్తావే?"

"గుడ్డు పెట్టు వదినా," అంది అప్పాయమ్మ. "ఆ రోజే దాటిత్తాను."